నిలబెట్టి చూస్తే

మా మామయ్య జనార్దనయ్య గారు పొద్దున అంగడి తెరవగానే రెండు దండాలు పెట్టేవారు. మొదటిది గల్లా పైనున్న వాసవమ్మ పటానికి. రెండోది గల్లా పక్కన పసుపు గుడ్డ కప్పి ఉంచిన బీపీ మిషనుకు. రెండోది దండం కాదు, గుడ్డ సర్దడమని ఆయన వాదన. ఆరేళ్లుగా చూస్తున్నదాన్ని, నాకు తెలీదా? అది దండమే.

ఆత్మకూరు బస్టాండు పక్కవీధిలో మాది బట్టల అంగడి. ఆరేళ్ల కింద మామయ్యకు బీపీ బాగా పెరిగి నెల్లూరు తీసుకుపోవాల్సి వచ్చింది. ఆ మిషను అప్పుడు కొన్నదే. అప్పటినుంచి మా వీధిలో బీపీ చూపించుకోని మనిషి లేడు. టీకొట్టు సిద్ధయ్య, జాకెట్లు కుట్టే కోటేశ్వర్, చీర మార్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు, ఎవరైనా సరే, కాస్త నీరసంగా కనిపించారంటే మామయ్య పట్టీ చుట్టేసేవారు. దానికొక పద్ధతి ఉంది. "ముందు అయిదు నిమిషాలు కూర్చోవాల. కాలు మీద కాలు వెయ్యగూడదు. మాట్లాడగూడదు." బట్టల అంగట్లో అయిదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చునే మనుషుల్ని తయారుచేసిన ఘనత మా మామయ్యది.

నన్ను కూర్చోబెట్టి చూసినప్పుడల్లా నూటపన్నెండు, డెబ్బయినాలుగు. మహా అయితే రెండు అటూ ఇటూ.

"బంగారం లాంటి బీపీ అమ్మా నీది," అనేవారు, కంసాలి గీటురాయి మీద గీసి చూసి చెప్పినట్టు.

ఆ బంగారాన్ని పెట్టుకుని నేను రోజుకు రెండుసార్లు కళ్లు బైర్లు కమ్మి పడబోయేదాన్ని.

మూడేళ్ల కింద నాకు డెంగీ వచ్చింది. జ్వరం పదిరోజుల్లో పోయింది గాని, నన్ను మాత్రం పూర్తిగా తిరిగివ్వలేదు. పడుకుంటే బాగుంటాను. కూర్చుంటే పరవాలేదు. నిలబడి అయిదు నిమిషాలైతే కాళ్లు బరువెక్కుతాయి, గుండె దడదడలాడుతుంది, మెడ వెనక లాగుతుంది, ఎదురుగా ఉన్న మనిషి మాట ఎక్కడో దూరం నుంచి వినిపిస్తుంది. ఎర్రంచు చీర అడిగితే పచ్చంచు చీర తీస్తాను. చూసేవాళ్లకు మాత్రం నిక్షేపంగా కనిపిస్తాను. అదే నా ఖర్మ.

ఇద్దరు ముగ్గురు డాక్టర్లు బలానికి మందు రాశాక, ఈ ఏడు ఉగాదికి ముందు నెల్లూరులో ఒక డాక్టరమ్మ నన్ను పది నిమిషాలు పడుకోబెట్టింది. తర్వాత గోడకు ఆనించి పది నిమిషాలు నిలబెట్టింది. రెండేసి నిమిషాలకు ఒకసారి బీపీ చూసింది. ఆరో నిమిషానికి పై నంబరు ఎనభైరెండుకు దిగింది, గుండె నూటముప్పైకి ఎక్కింది. ఆమె చెప్పిన ఇంగ్లీషు పేరు నాకు నోరు తిరగలేదు గాని, విషయం బాగా అర్థమైంది. మోటారు ఆడుతూనే ఉంది, నీళ్లూ ఉన్నాయి, మేడ మీది ట్యాంకుకు మాత్రం ఎక్కడం లేదు. నిలబడగానే నెత్తురంతా కాళ్లలోకి దిగిపోతోంది.

"తగ్గిపోతుందా మేడం?" అని అడిగాడు మా ఆయన మోహన్‌కృష్ణ.

"తగ్గొచ్చు. చాలాకాలం పట్టొచ్చు. అప్పటిదాకా దీంతో కాపురం చెయ్యడం నేర్చుకోవాలి," అంది డాక్టరమ్మ నన్ను చూసి నవ్వుతూ.

కిడ్నీలకు, గుండెకు పరీక్షలన్నీ చేయించి చూసుకున్నాకే ఆమె నాకు ఉప్పు రాసింది. అవును, ఉప్పే. ఇది నీ ఒంటికి మాత్రమే, ఇంకెవరికీ సలహా ఇవ్వకు అని గట్టిగా చెప్పింది. దాంతోపాటు రోజుకు మూడు లీటర్ల నీళ్లు, తొడల దాకా బిగుతు మేజోళ్లు, కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు తిండి, ఎండలో నిలబడకపోవడం. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కసారిగా లేవకూడదు. పడుకున్నదాన్ని ముందు కూర్చోవాలి, పాదాలు ఆడించాలి, కాసేపు ఆగాలి, అప్పుడు లేవాలి.

ఇంటికొచ్చి ఆ కాగితం మామయ్య చేతికిచ్చాము. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. నన్ను కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు ఆగి, పట్టీ చుట్టి చూశారు. నూటపన్నెండు, డెబ్బయినాలుగు.

"డాక్టరమ్మది పాత మిషనై ఉంటాది," అన్నారు.

మోహన్ నోరు తెరిచి మళ్లీ మూశాడు. మా ఆయన మంచివాడే. కాకపోతే వాళ్ల నాయన ముందర ఆయన గొంతు కడుపులోకి పోతుంది.

ఇక ఉప్పు సంగతి. మామయ్య బీపీ పుణ్యమా అని మా ఇంట్లో ఆరేళ్లుగా చప్పిడి కూడు. మా అత్తయ్య రామలక్ష్మమ్మ గారు ఉప్పు డబ్బాను ఎలకల మందు దాచినట్టు పై అరలో దాచేసింది. అలాంటి ఇంట్లో కోడలు మజ్జిగలో ఉప్పు కలుపుకుని తాగడం మొదలుపెడితే ఎలా ఉంటుంది? ఉదయగిరిలో ఉన్న మా అమ్మ ఒక చెక్క చెంచా పంపింది, మా ఊళ్లో చేసేదే, కొలతకు సరిగ్గా సరిపోయేది. దాంతో ఉప్పు తీస్తుంటే ఎదురుగా చప్పిడి పప్పన్నం తింటున్న మామయ్య చూపు నా గ్లాసు మీద నుంచి కదిలేది కాదు. అందులో కోపం ఎంతో, అసూయ ఎంతో నేనిప్పటికీ చెప్పలేను.

మేజోళ్ల గురించి చెప్పకూడదు గాని చెప్తాను. ఆత్మకూరు ఎండలో, చీర కింద తొడల దాకా బిగుతు మేజోళ్లు. మా అంగట్లో పనిచేసే శ్వేత మొదటిరోజే నా కాళ్లు చూసి, "ఏందక్కా, క్రికెట్‌కు పోతుండావా?" అంది. నవ్వు రాలేదు. సాయంత్రానికి కాళ్లు తేలికగా అనిపించాక నవ్వొచ్చింది.

ఇన్ని చేసినా ఒక దగ్గర మాత్రం ఆగిపోయాను. మా అంగట్లో కూర్చోవడానికి లేదు.

ఒకప్పుడు మాది పరుపు అంగడి. తెల్లదుప్పటి పరిచిన పెద్ద పరుపు మీద మామయ్య ఒకవైపు, గిరాకీ వాళ్లు ఎదురుగా కూర్చునేవారు. మధ్యలో చీరల గుట్ట. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆ పరుపు మీదే, మోకాళ్ల మీద వాలి చీర కొంగు ఒక్క విసురుతో పరవడం నేర్చుకున్నాను. అయిదేళ్ల కింద మామయ్య మోకాళ్లు అరిగిపోయాయి. కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చేది. ఆ ఏడే పరుపు అటక ఎక్కింది. అద్దాల కౌంటర్లు వచ్చాయి, గిరాకీకి గుండ్రటి స్టూళ్లు వచ్చాయి, గల్లా దగ్గర మామయ్యకు కుర్చీ వచ్చింది. కౌంటరు వెనక మాకేమీ రాలేదు. గిరాకీ ముందర మనం కూర్చోగూడదనేది కౌంటర్లతోపాటు మామయ్య తెచ్చిన రూలు. నెల్లూరు షోరూముల్లో అంతా అంతేనట.

దానికన్నా పాత రూలు ఇంకొకటుంది. మామ వస్తే కోడలు లేవాలి. ఇది నాకెవరూ చెప్పింది కాదు. మా అమ్మ లేచేది, అత్తయ్య లేచేది, నేనూ లేస్తాను. వీధిలో మామయ్య చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, నా ఒళ్లు నన్నడక్కుండానే లేచి నిలబడుతుంది.

వైశాఖం వచ్చింది. పెళ్లిళ్ల సీజను. కలిగిరి నుంచి, ఉదయగిరి నుంచి, పైన సీతారామపురం నుంచి కూడా పెళ్లిబట్టలకు జనం వస్తారు. పట్టుచీరల కౌంటరు నాది. నా అవస్థ చూడలేక మోహన్ ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చి కౌంటరు కింద దూర్చాడు. "నాయన భోజనానికి పోయినప్పుడు కూర్చో," అన్నాడు గుసగుసగా. దొంగసరుకు దాచినట్టుంది మా కాపురం.

ఒక మంగళవారం మధ్యాహ్నం, అన్నం తిని ఆ స్టూలు మీద కూర్చున్నాను. అన్నం తిన్నాక నాకు మరీ కష్టం, నెత్తురంతా పొట్ట చుట్టూ చేరుతుందట. అప్పుడే మామయ్య చెప్పుల చప్పుడు. ఒక్క ఉదుటున లేచాను. ఆ తర్వాత నాకు తెలిసింది పైన తిరుగుతున్న ఫ్యాను.

నేను పడింది నీలం రంగు చీరల గుట్ట మీద. శ్వేత నా కాళ్ల కింద రెండు చీరల కట్టలు పెట్టి పైకెత్తింది. నేనే నేర్పిన పని అది. పదినిమిషాలకు మనిషినయ్యాను. మామయ్య ముఖం తెల్లబోయి ఉంది. పాపం, గబగబా పోయి మిషను తెచ్చారు. నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు ఆగి చూశారు. నూటపది, డెబ్బయిరెండు.

"మిషను బాగానే చెప్తుండాది. ఎండకు ఓర్చుకోలేక పోతుండావు," అని పట్టీ ఊడదీశారు. "ఈ సీజనంతా ఉదయగిరికి పోయి మీ అమ్మ దగ్గర ఉండమ్మా. పట్టుచీరలు శ్వేత చూసుకుంటాది."

కోప్పడి ఉంటే బాగుండేది, నేనూ కోప్పడేదాన్ని. ఆయన ప్రేమగా చెప్పారు. అందుకే నాకు భయం వేసింది. ఒక సీజను పుట్టింట్లో ఉంటే, వచ్చే సీజనుకు శ్వేతకు చెయ్యి తిరుగుతుంది. ఆ పై సీజనుకు "రేణుకకు ఒంట్లో బాగుండదు గదా" అన్న ఒక్క మాట మిగులుతుంది, కౌంటరు మిగలదు. పన్నెండేళ్లుగా నేను చేస్తున్న పని అది. ఏ ఊరి పెళ్లికి ఏ రంగు పనికిరాదో, ఏ పెళ్లికూతురు మొహమాటానికి తలూపుతుందో, ఏ తల్లి కళ్లు ఏ చీర మీద ఆగినాయో నాకు తెలుసు. జబ్బు నా కాళ్లు తీసుకుంది, మెదడుకు మబ్బు పట్టించింది, సరే. ఆ కౌంటరు కూడా తీసుకుంటే నాకంటూ ఏం మిగుల్తుంది?

"సీతమ్మవ్వ మనవరాలి పెళ్లిబట్టలు గురువారం మామయ్యా. నేనే చూపించాలని కబురు పెట్టింది. అది అయిపోనీండి, శుక్రవారం పోతాను," అన్నాను.

సీతమ్మవ్వ పేరు చెప్పాక ఆయన కాదనలేదు.

సీతమ్మవ్వది సీతారామపురం అవతల పల్లె. రెండొందల గొర్రెలు, దానికి తగ్గ గొంతు. వాళ్ల ఇంట్లో పెళ్లంటే మా అంగట్లోనే బట్టలు. దారిలో ఉదయగిరిలో అంగళ్లు లేవా అని ఎవరైనా అడిగితే, "ఉదయగిరి పిల్ల ఆత్మకూరులో ఉండాది, ఏం చేసేది," అంటుంది. గురువారం పదిగంటలకల్లా వ్యానులో పదమూడు మందిని వేసుకుని దిగింది. పెళ్లికూతురు ఇందు నర్సింగ్ చదువుకున్న పిల్ల, మెత్తటి మనిషి. మిగతా పన్నెండు మందికీ తలా ఒక అభిప్రాయం.

ఆరోజు పరీక్షకు పోయే పిల్లలా తయారయ్యాను. పొద్దున ఒకే ఒక్క ఇడ్లీ, బయల్దేరే ముందు రెండు గ్లాసుల నీళ్లు, ఉప్పు మజ్జిగ, మేజోళ్లు. కౌంటరు వెనక ఎవరికీ కనిపించకుండా కాళ్లు మెలిపెట్టి నిలబడటం, మడమలెత్తి దించడం, పిక్కలు బిగించడం, డాక్టరమ్మ నేర్పిన విద్యలన్నీ చేశాను. ఇరవై నిమిషాలు లాగాను. ముహూర్తం చీరలు ఎనిమిది దించాక ఇందు ముఖం నాకు మసకబారింది. కౌంటరు అద్దాన్ని రెండు చేతులా పట్టుకున్నాను.

"ఏమ్మే రేణుకమ్మా, పెదాలట్లా పాలిపోయినాయేంది?" అంది సీతమ్మవ్వ.

"ఏంలేదవ్వా. ఇంకో చీర చూపిస్తా."

"చీర యాడికీ పోదు. నువ్వే పోయేటట్టుండావు. కూర్చో ముందు."

నేను గల్లా వైపు చూశాను. ఆ చూపును ఆమె పట్టేసింది. మామయ్య మిషను చంకన పెట్టుకుని గబగబా వచ్చారు.

"కొంచెం నీరసం సీతమ్మా, అంతే. బీపీ బాగానే ఉండాది. కావాలంటే నీ ముందరే చూపిస్తా. శ్వేతా, ఆ స్టూలు ఇట్లా ఎయ్యి. కూర్చోమ్మా, అయిదు నిమిషాలు."

"ఎందుకు శెట్టీ కూర్చోబెడతుండావు?"

"అది పద్ధతి. కూర్చోబెట్టే చూడాల."

సీతమ్మవ్వ స్టూలు మీద నుంచి దిగింది. "కూర్చుంటే బాగుంటాదని నాకే తెలుస్తుండాదే, దానికి మిషనెందుకు? జబ్బు గొర్రె మందలో పడుకొని ఉంటే ఎవురికి తెలుస్తాది శెట్టీ? సంతలో అమ్మేటోడు గొర్రెను పడుకోబెట్టి చూపిస్తే మేం కొంటామా? లేపాల. నాలుగడుగులు నడిపించాల. వెనక కాళ్లు యాడ తడబడతాయో చూడాల. ఈ యమ్మి నిలబడితే గదా చెడతుండేది? నిలబెట్టి చూడు."

శ్వేత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పదమూడు మంది ముందర నన్ను గొర్రెతో పోల్చారు, నాకు కోపం రావాలి. రాలేదు. మూడేళ్లలో నా జబ్బును అంత సూటిగా చెప్పిన మనిషి డాక్టరమ్మ తర్వాత ఈమే.

మామయ్య మిషనును అద్దం మీద పెట్టారు. తర్వాత కౌంటరు మీద పెట్టుబడి చీరలు ఒకదాని మీద ఒకటి పేర్చారు, నా చెయ్యి గుండె ఎత్తున ఆనేదాకా. పట్టీ చుట్టారు. పడితే పట్టుకోవడానికి మోహన్‌ను నా వెనక నిలబెట్టారు.

తొంభైఆరు.

వాచీ చూసుకుంటూ రెండు నిమిషాలు ఆగారు. ఎనభైఎనిమిది.

ఇంకో రెండు నిమిషాలు. ఈసారి పట్టీ బిగిసి, వదిలి, మళ్లీ తనంతట తానే బిగిసింది. డెబ్బయిఎనిమిది, యాభైరెండు. గుండె నూటముప్పైనాలుగు.

ఆయన కళ్లద్దాలు తీసి, పంచె కొసతో తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశారు. అంకె మారలేదు. మిషను తప్పు చెప్పదని వీధంతా చాటిన మనిషి. పట్టీ ఊడదీసి నన్ను ఆయనే స్టూలు మీద కూర్చోబెట్టారు. మోహన్ వైపు తిరిగారు.

"మోహనా, అటక మీద పరుపు ఎలకలు కొట్టకుండా ఉండాదేమో చూడు."

అంతే అన్నారు.

పరుపు ఉంది. దుమ్ము పట్టి ఉంది, ఒక మూల ఎలకలు కొట్టాయి కూడా. మోహన్, కోటేశ్వర్ కలిసి దించి, దులిపి, రెండు కౌంటర్లు గోడవైపు నెట్టి పరిచారు. పైన కొత్త దుప్పటి. సీతమ్మవ్వ చెప్పులు విడిచి, హాయిగా చక్లం ముక్లం వేసుకుని కూర్చుని పరుపు మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది.

"నా పెళ్లిచీర ఈ పరుపు మీదే తీసినాడు శెట్టి వాళ్ల నాయన. అప్పుడు నాకు పదహారేళ్లు. రా ఇందూ, ఈడ కూర్చో."

నేనూ కూర్చున్నాను. కాళ్లు మడిచి, వీపు గోడకు ఆనించి, పక్కన నీళ్లసీసా. కాసేపటికి తలలో మబ్బు విడిపోయింది. మోకాళ్ల మీద వాలి, పాత విసురుతో ఒక కొంగు పరిచాను. అయిదేళ్లయినా చెయ్యి మర్చిపోలేదు. శ్వేత అరల్లోంచి తీసి అందిస్తుంటే నేను విప్పుతూ పోయాను. నాలుగు గంటలు. నాలుగు గంటలు! నలభైఒక్క చీరలు విప్పాను. పన్నెండుమంది పెద్దలూ కలిసి ఎరుపు అని తీర్మానించాక, ఇందు చూపు రెండుసార్లు పోయింది వంగపండు రంగు చీర మీదికని నేను పట్టుకున్నాను. దాన్ని తీసి ఏమీ అనకుండా ఆ పిల్ల ఒడిలో పెట్టాను. ఇందు దాన్ని మళ్లీ తిరిగివ్వలేదు. పెద్దల తీర్మానం అంతటితో రద్దయింది.

మధ్యలో మాటల్లో నేను శుక్రవారం ఉదయగిరికి పోతున్న సంగతి సీతమ్మవ్వ నా నోటినుంచి లాగేసింది. సాయంత్రం మూటలన్నీ వ్యానులోకి ఎక్కించాక, అంగడి గడపలో నిలబడి గట్టిగా అడిగింది.

"రేణుకమ్మా, మేం పోయేది ఉదయగిరి మీదే. రేపు బస్సెందుకు, ఇప్పుడే ఎక్కు. చోటు చేస్తాం."

మామయ్య గల్లా దగ్గర ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నారు.

"సీజన్‌లో ఎట్లా పోతాది సీతమ్మా? అంగడి ఎవరు చూస్తారు?" అన్నారు.

సీతమ్మవ్వ నాకు కన్ను గీటి వ్యాను ఎక్కింది. ఆమెకు డెబ్బై దాటాయి, చెప్పినా ఎవరూ నమ్మరు.

ఆ వైశాఖం, ఆ జ్యేష్ఠం నాకు హాయిగా గడిచాయి. జబ్బు తగ్గిందని కాదు. తగ్గలేదు. వారంలో ఒకటి రెండు రోజులు లేవలేక ఇంట్లోనే పడుకునేదాన్ని, ఆ రోజుల్లో శ్వేత పరుపు మీద కూర్చునేది. మిగతా రోజుల్లో నా పని నాకుంది. పరుపు చూసి మొదట ముఖం చిట్లించిన గిరాకీ వాళ్లు కూడా కూర్చున్నాక లేవలేదు. ముసలివాళ్లకు స్టూళ్లు ఎలాగూ ఉన్నాయి. ఇంట్లో అత్తయ్య నా ఉప్పు డబ్బాను పై అరలోంచి దించి పొయ్యి పక్కన పెట్టింది. "ఎక్కి దించుకునేటప్పుడు పడతావు," అంది విసుగ్గా. అత్తయ్య ప్రేమ ఎప్పుడూ విసుగు రూపంలోనే వస్తుంది.

మామయ్య పద్ధతి మారింది. ఇప్పుడు ప్రతి మనిషినీ కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడటం మొదలుపెట్టారు. టీ అమ్ముకోవలసిన సిద్ధయ్యను పావుగంట నిలబెట్టేసరికి, ఆయన మా అంగడి వైపు రావడమే మానేశాడు. టీ కోసం మేమే పోవాల్సి వస్తోంది.

ఒక్కటి మాత్రం నేను మార్చుకోలేకపోయాను. మామయ్య చెప్పుల చప్పుడు వినిపిస్తే లేవడం. వద్దనుకుంటూనే అరచెయ్యి పరుపు మీద ఆనించేదాన్ని, మోకాలు లేచేది, కళ్ల ముందు నల్లటి చుక్కలు తిరిగేవి. ఆయన కూర్చోమ్మా అని అనరు. మామలు అనే మాట కాదది. నేను కూర్చుని ఉండను. కోడళ్లు చేసే పని కాదది.

ఒకరోజు ఆయన భోజనం చేసి వచ్చారు. నేను చెయ్యి ఆనించాను. నా మోకాలు లేవకముందే ఆయన గోడ పట్టుకుని, మూలుగుతూ, పరుపు అంచున కూలబడ్డారు. కూర్చున్న మామ ముందు కోడలు లేవాల్సిన పనిలేదు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "ఈ రోజు గిరాకీ ఎట్లా ఉండాది?" అని అడిగారు, ఏమీ జరగనట్టు. తర్వాత మోహన్, కోటేశ్వర్ చెరోవైపు పట్టి లేపి గల్లా కుర్చీలో కూర్చోబెట్టారు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పెద్దాయనకు పరుపు మీద మోజు పుట్టిందని మోహన్ నవ్వాడు. నేనూ అదే అనుకున్నాను. పాత అంగడి గుర్తొస్తోందేమో, కూర్చోనీ పాపం అనుకున్నాను.

ఆషాఢం దగ్గరపడి పెళ్లిళ్లు పలచబడిన ఒక సాయంత్రం, వంటింట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. వసారాలో అత్తయ్య మామయ్య మోకాళ్లకు నూనె రుద్దుతోంది. మోకాళ్లు వాచి ఉన్నాయి.

"కుర్చీ పెట్టుకుని ఈ వయసులో కింద కూర్చోడమేంది? రోజూ ఇద్దరు లేపాల్సొస్తుండాదంట. జనం నవ్వరా?" అంటోంది అత్తయ్య.

మామయ్య రెండో మోకాలు ముందుకు చాపారు.

"నేను నిలబడితే ఆ పిల్ల లేస్తాది," అన్నారు. "కొంచెం గట్టిగా రుద్దు."

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఏడుపొచ్చింది నాకు. ఉప్పు ఎక్కువ తింటే కన్నీళ్లు కూడా ఎక్కువొస్తాయేమో, ఎంతకీ ఆగలేదు.

మర్నాడు మధ్యాహ్నం అంగట్లో గిరాకీ లేదు. శ్వేత భోజనానికి పోయింది. వీధిలో చెప్పుల చప్పుడు వినిపించింది. నా అరచెయ్యి మామూలుగానే పరుపు మీద ఆనింది. దాన్ని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాను. మామయ్య గడప దాటి లోపలికి వచ్చి, కూర్చోవడానికి గోడ పట్టుకున్నారు.

"మీరు కుర్చీలో కూర్చోండి మామయ్యా," అన్నాను. "నేను లేవను."

మా ఇంట్లో ఏ కోడలూ ఏ మామతోనూ అని ఉండని మాట అది. ఆయన గోడ మీద చెయ్యి అలాగే ఉంచి నావైపు చూశారు. నేను తల దించుకోలేదు, లేవనూ లేదు.

"సరేమ్మా," అన్నారు.

మెల్లగా నడుచుకుంటూ పోయి గల్లా కుర్చీలో కూర్చున్నారు. మోకాళ్లు చాపుకున్నారు. తర్వాత చెయ్యి చాచి మిషను మీద పసుపు గుడ్డ సర్దారు.